అన్నీ ఆఠీన్లే

మారబోతున్న కొత్త దుకాణానికి కిటికీ ఒక్కటే. అది ఎవరి పాలబడుతుందో తేలక పాత దుకాణంలో వారం రోజులుగా ఎవరి పనీ తిన్నగా సాగడం లేదు. ప్యాంట్లాయన ఒక కాలు పొడుగ్గా, ఒక కాలు పొట్టిగా కుట్టి మళ్ళీ విప్పుకున్నాడు. చొక్కాలతను కాలరు తిరగేసి వేశాడు. మాస్టరు కత్తెర చేత్తో పట్టుకునే కత్తెర కోసం దుకాణమంతా వెతికించాడు.

ఉన్నదే నలుగురు. మాస్టరు యజమాని. కొలతలు తీయడం, గుడ్డ కత్తిరించడం, వచ్చినవాళ్ళకి నవ్వుతూ వాయిదాలు వేయడం ఆయన పని. ప్యాంట్లాయన అందరిలోకీ పాతకాపు. ఆ సంగతి రోజుకోసారైనా పదిమందికీ గుర్తుచేయకపోతే ఆయనకి తిన్నది అరగదు. చొక్కాలతను పడుచువాడు, కొత్తగా పెళ్ళయినవాడు. వేళకి ఇంటికి పోవడం తప్ప లోకంలో అతనికి వేరే కోరిక లేదు. నాలుగో మనిషి కాజాలావిడ. కోట్లకి చేత్తో కాజాలు కుట్టడం, గుండీలు వేయడం, అంచులు మడిచి కుట్టు కనపడకుండా కుట్టడం ఆవిడ పని.

దుకాణంలో అన్నిటికంటే సన్నపని ఆవిడది. అన్నిటికంటే చీకటి చోటూ ఆవిడదే. మేడమెట్ల కింద వాలుగా ఉన్న మూలలో ఒక స్టూలు, దాని ముందు గుండీల డబ్బాలు పెట్టుకునే చెక్కపెట్టె, వీపు వెనక ఒక పసుపు బల్బు. ఆ బల్బు వేస్తే చాలు, ఆవిడ నీడ తెచ్చి ఆవిడ చేతుల మీదే పోస్తుంది. మిషన్లకి వెలుతురుండాలి, చేతిపని ఎక్కడైనా చేసుకోవచ్చు అని ఎప్పుడో ప్యాంట్లాయన అన్నాడు, మాస్టరు సరేనన్నాడు, ఆవిడ అందులోకి దూరింది. ఇదెక్కడి న్యాయమండీ అంటే చెప్పేవాడు లేడు. సూదిమొనతో నూలుపోగులు ఏరుకునే మనిషికేమో చీకటి, కాళ్ళతో తొక్కేవాళ్ళకేమో వాకిలి.

ఈమధ్య ఆవిడకి ఒక భయం పట్టుకుంది. ఆ మూలలో నల్లదారమూ ముదురు నీలం దారమూ ఒక్కలాగే కనపడుతున్నాయి. రీళ్ళు వాకిట్లోకి తెచ్చి చూసుకుని, ఏది ఏ చేతిలో ఉందో గుర్తుపెట్టుకుని, మళ్ళీ మూలకి పోతోంది. కళ్ళజోడు మార్పించింది, లాభం లేకపోయింది. చొక్కాల కాజాలు అప్పుడే వీధి చివర కాజా మిషనున్నవాడికి వెళ్ళిపోతున్నాయి. కోట్లవి కూడా వాడికే పడేద్దామా అని మాస్టరు రెండు మూడు సార్లు గాల్లో అన్నాడు. ఈ చూపు సంగతి బయటపడితే ఆ మాట గాల్లోంచి నేలమీదకి దిగడానికి ఎంతసేపు పడుతుంది? పగటి వెలుతుర్లో మాత్రం ఆవిడ చూపు భేషుగ్గా ఉంది. కాబట్టి కిటికీ మిగతావాళ్ళకి ముచ్చట, ఆవిడకి బతుకుతెరువు.

ఆ దుకాణంలో ఏ తగువొచ్చినా తీర్పు పేకముక్కలది. ఎవరో ఒకాయన లైనింగు మార్చమని కోటు ఇచ్చి మళ్ళీ ఆ వంక రాలేదు. ఏళ్ళ తర్వాత చూస్తే కోటుని చిమ్మటలు తినేశాయి గాని, లోపలి జేబులో పేక మాత్రం నిక్షేపంగా ఉంది. కుర్రతనంలో ఓడల మీద దర్జీగా తిరిగొచ్చిన మాస్టరు దాన్ని చూసి, తప్పిపోయిన చుట్టం కనపడినట్టు సంబరపడి, అందరికీ పోకరు నేర్పించాడు. అది అసలు పోకరో, ఆయనకి గుర్తున్నంత పోకరో ఎవరూ అడగలేదు. తలా ఐదు ముక్కలు పంచుతారు. నచ్చనివి ఒక్కసారి మార్చుకోవచ్చు. డబ్బు ముట్టకూడదు, గుండీలే పందెం. ఎవరు ఊడవాలి, ఫ్యాను ఎటు తిరగాలి, టీ ఎవరు పెట్టాలి, అన్నీ భోజనాలయ్యాక కాజాలావిడ చెక్కపెట్టె చుట్టూ చేరి తేల్చుకునేవే. దుకాణంలో గుడ్డ పరిచి లేనిది ఆ పెట్టె ఒక్కటే.

శనివారం భోజనాలయ్యాక మాస్టరు చేతులు కడుక్కుంటూ కిటికీ సంగతి తేల్చేద్దామన్నాడు. కత్తిరించే బల్ల మధ్యలోనే ఉండాలి కాబట్టి తను ఆటలో లేడు, పంచడమూ తీర్పు చెప్పడమూ తన పని. ఒకటే ఆట. తలా ఒక కోటు గుండీ. ముక్కలు చూసుకుని ధైర్యమున్నవాళ్ళు గుండీ పెట్టె మీద పెట్టాలి, లేనివాళ్ళు ముక్కలు పడేయాలి. గెలిచినవాళ్ళకి కిటికీ. గుండీ పెట్టి ఓడినవాళ్ళకి బాత్రూం తలుపు పక్క చోటు. పడేసినవాళ్ళు మధ్యలో ఎక్కడో సర్దుకోవాలి. ఆ తలుపు పక్కన చీకటి సంగతి అటుంచి, ఆ వాసనకి ఇస్త్రీపెట్టె కూడా చల్లారిపోతుందని చొక్కాలతను అన్నాడు.

కాజాలావిడకి అబద్ధం చేతకాదు. ఇదేదో పెద్ద వ్రతం పట్టి కాదు, నిజంగానే చేతకాక. ఒకసారి మాస్టరు ఎవరితోనో "గుండీలొక్కటే మిగిలాయండీ" అని చెబుతుంటే, పక్కనే ఉన్న ఈవిడ "అయ్యో, ఇంకా గుడ్డ తడపనే లేదు కదండీ" అంది. అప్పట్నుంచీ ఎవరొచ్చినా మాస్టరు ఆవిడ్ని సూదులు తెమ్మని లోపలికి పంపేస్తున్నాడు. ఆటలోనూ అంతే. చెడ్డ ముక్కలొస్తే నిట్టూర్చి పడేస్తుంది, మంచివొస్తే మొహం చాటంత చేసుకుంటుంది. ఆ మొహం చూసి తక్కినవాళ్ళు ముందే జారుకుంటారు. అలాంటి మనిషి కిటికీ ఏం గెలుస్తుంది?

మాస్టరు ముక్కలు కలిపి, చొక్కాలతని చేత కోయించి, పంచాడు. ఆవిడ తన నీడలోనే ముక్కలు విప్పి చూసుకుంది. ఆఠీను రెండు, ఐదు, తొమ్మిది, రాణి, నాలుగూ ఎర్రవి. ఐదోది నల్లది. నల్లదాన్ని పడేసి ఒకటి అడిగింది. వచ్చిన ముక్కని మెల్లగా ఎత్తి చూసింది. ఎర్రగా ఉంది, ఏడు. ఐదూ ఒకే జాతి పడితే దాని ముందు రాజులు కూడా నిలబడరని మాస్టరు ఎన్నిసార్లు చెప్పలేదు! చూడాలనుకున్నదే కనపడింది, మళ్ళీ చూడటానికి ఆవిడకి తోచలేదు. కోటు గుండీ తీసి టక్కున పెట్టె మీద పెట్టింది. మొహం చాటంతయింది.

చొక్కాలతను ఆ మొహం చూసి ముక్కలు పడేశాడు. ప్యాంట్లాయన మాత్రం కదల్లేదు. ఆయన చేతిలో మూడు రాజులున్నారు. గుండీని రెండు వేళ్ళ మధ్య తిప్పాడు, చొక్కాకి రుద్దాడు, పెట్టె దాకా తెచ్చి వెనక్కి తీసుకున్నాడు. కడుపులో కిటికీ, ముక్కులో బాత్రూము. చివరికి కళ్ళజోడు పైకి నెట్టుకుని నేరుగా అడిగేశాడు.

"చెల్లెమ్మా, నువ్వు అబద్ధమాడవు. నిజం చెప్పు, ఏమున్నాయి?"

"అన్నీ ఆఠీన్లే అన్నయ్యా" అంది ఆవిడ, పండగలాంటి మొహంతో.

ప్యాంట్లాయన ముక్కలు పడేశాడు. అందరూ పడేస్తే చేతిలో ఏమున్నా మిగిలినవాళ్ళదే గెలుపు, ముక్కలు చూపించక్కర్లేదు. కాని పుట్టి బుద్ధెరిగాక అలాంటి ముక్కలు పడటం ఆవిడకి అదే మొదలు, చూపించకుండా ఎలా ఉంటుంది? బల్బు వెలుతురు పడే చోట పెట్టె మీద ఐదూ వరసగా పరిచింది. మాస్టరు వేలు పెట్టి చదివాడు. ఆఠీను, ఆఠీను, ఆఠీను, ఆఠీను. వేలు ఐదో ముక్క మీద ఆగిపోయింది. డైమను.

కాజాలావిడ ముందుకు వంగి చూసింది. డైమనే. ఎంత చూసినా డైమనే. ప్యాంట్లాయన పడేసిన ముక్కల్ని తిరగేసి మూడు రాజుల్నీ ఒక్కొక్కరినీ ఆవిడ ముందు పెట్టాడు.

"నా మొహం చూసి అబద్ధమాడావా చెల్లెమ్మా?"

కనపడలేదన్నయ్యా అనడానికి ఆవిడ నోరు తెరిచింది. పక్కనే మాస్టరు ఉన్నాడు, మాస్టరు వెనక మేకుకి ఆవిడే కుడుతున్న నల్లకోటు వేలాడుతోంది. కనపడలేదంటే ఆ కోటు రేపే మిషనువాడి దగ్గరుంటుంది. తెరిచిన నోరు మూసేసింది.

అంతే, మాస్టరు తొడ చరుచుకుని లేచాడు. ఇన్నాళ్ళూ అమాయకురాలిలా కూర్చుని, సమయం చూసి కొట్టిందంటే ఏమనాలి, ఓడల్లో కూడా ఇలాంటి చెయ్యి చూడలేదు అన్నాడు. చొక్కాలతను ఆవిడ కాళ్ళకి దండం పెట్టాడు. ప్యాంట్లాయన మిషను దగ్గరికి పోయి, సూదిలో దారం లేకుండానే చాలాసేపు తొక్కాడు.

ఇంటికెళ్ళాక ఆవిడ మనసాగక భర్తతో చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు. అప్పుడే వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నేనివాళ అబద్ధమాడానట, అందరూ అలాగే అనుకుంటున్నారు అంది. ఆయన, నువ్వు అబద్ధమాడావన్నదే అబద్ధమై ఉంటుంది అని కడుపుబ్బ నవ్వాడు. ఆవిడకి ఏడుపొచ్చింది. చూపు సంగతి చెప్పబోయి, ఆయన కూడా రోజంతా కళ్ళ మీద బతికే మనిషే కదా, ఊరికే కంగారు పడతాడని ఊరుకుంది. ఒకేరోజు రెండోసారి నోరు మూసుకుంది. అలవాటు లేని పని, దవడలు నొప్పెట్టాయి.

సోమవారానికి ఆవిడ పేరు వీధంతా మోగిపోయింది. గుండీలమ్మేవాడి దగ్గర్నుంచి ఇస్త్రీకి బొగ్గులు తెచ్చేవాడి దాకా, వచ్చిన ప్రతివాడికీ మాస్టరు మూడు రాజుల కథ చెప్పాడు. చెప్పినప్పుడల్లా ఒక రాజు గడ్డం ఇంకాస్త పెరిగింది. మధ్యలో ఇంటర్వ్యూకి కోటు కుట్టించుకుంటున్న ఒకతను వచ్చి, కథంతా విని, నవ్వి, నా కోటు ఎంతవరకొచ్చిందండీ అని కాజాలావిడనే అడిగాడు. ఇంకా కత్తిరించలేదండీ అని ఆవిడ ఉన్నమాట చెప్పింది. అతను మాస్టరు వైపు చూసి కన్నుగీటాడు. ఆహా, మొహంలో ఒక్క గీత కదల్లేదే అని మెచ్చుకుని, కోటు తయారైపోయిందని నిశ్చయించుకుని బెంచీ మీద కూర్చున్నాడు. దుకాణం మూసేదాకా అలాగే కూర్చున్నాడు. నిజమండీ, కత్తిరించలేదండీ అని ఆవిడ ఎంత మొత్తుకుంటే అంత నవ్వాడు.

ప్యాంట్లాయనకి మాత్రం నవ్వు రాలేదు. ఆయన రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మంగళవారం మాస్టరుతో పేచీకి దిగాడు. పాత దుకాణం చీకట్లో ఆడిన ఆట కొత్త దుకాణానికి చెల్లదు, అక్కడ పట్టపగలు ఇంకోసారి ఆడాలి, ఇంతకాలం ఈ దుకాణం గోడ మొహం చూస్తూ కుట్టినవాడికి ఆమాత్రం హక్కు లేదా అన్నాడు. ఆయనన్నదీ అబద్ధం కాదు. మిషను వాకిటి దగ్గరున్నా, మొహం ఎప్పుడూ గోడకే. మాస్టరుకి కావలసిందే వేడుక. వెంటనే ఒప్పుకుని కొత్త నియమం పెట్టాడు. ఇప్పటికి కిటికీ కాజాలావిడదే కాబట్టి ఆవిడ గుండీ ముందే పెట్టె మీద ఉన్నట్టు లెక్క. ఇక తీయడానికి లేదు. కాదనేవాళ్ళు ముక్కలు చూసుకుని ఎదురుగా తమ గుండీ పెట్టాలి. ఓడితే బాత్రూం తలుపు ఎవరికైనా తప్పదు, ఆవిడకైనా సరే.

బుధవారం పొద్దున్నే సామాను మారింది. మిషన్లని తలకిందులుగా బండి మీద కట్టారు. కొత్త గదిలో కొత్త సున్నం వాసన. ఆవిడ తన స్టూలు కిటికీ కింద వేసుకుని, హ్యాంగరుకి తగిలించి తెచ్చిన నల్లకోటు ఒళ్ళో పరుచుకుంది. కిటికీలోంచి వెలుతురు తిన్నగా వచ్చి ఒళ్ళో పడింది. చేతులు కనపడ్డాయి, వేళ్ళ మీద సూదిపోట్లు కనపడ్డాయి, గుడ్డ నేత కనపడింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేం. ఆ వెంటనే కాజాలు కనపడ్డాయి.

పై కాజా నలుపు. కిందవి రెండూ నీలం.

ఆవిడ చుట్టూ చూసింది. మాస్టరు బయట బండివాడితో వాదిస్తున్నాడు. గబగబా చిన్న కత్తెర తీసి నీలం దారం తెంపుతూ, పోగు పోగూ లాగుతూ వంగి కూర్చుంది. ఎంత వంగిందంటే, ప్యాంట్లాయన వచ్చి వెనక నిలబడినా తెలియలేదు. ఆయన వచ్చింది వేరే పని మీద. రెండు రోజులు బిగబట్టుకున్నా మనసొప్పక, అంత అబద్ధం అంత తేలిగ్గా ఎలా ఆడావో కాస్త నేర్పించమని అడగడానికి వచ్చాడు. ఒళ్ళో కోటు, పక్కన నీలం పోగుల కుప్ప చూసి ఆగిపోయాడు.

ఆవిడ తలెత్తింది. ఇక దాచడం తన వల్ల కాలేదు.

"అన్నయ్యా, ఆ రోజు నేను అబద్ధమాడలేదు. నాకు ఆఠీనే కనపడింది."

ప్యాంట్లాయన ఆవిడ ఒడిలోంచి రెండు రీళ్ళూ తీసుకుని వెలుతుర్లో చూపించాడు. ఇది నలుపు, ఇది నీలం అని ఆవిడ ఠక్కున చెప్పింది. వాటిని బాత్రూం తలుపు పక్కకి తీసుకెళ్ళి, ఆవిడ్ని అక్కడికి పిలిచి, వీపు వెనక చేతులు మార్చి మళ్ళీ చూపించాడు. ఆవిడ చాలాసేపు చూసి ఒకటి చూపించి నలుపంది. ఆయన దాన్ని వెలుతుర్లోకి తెచ్చాడు. నీలం. మిషన్లకి వెలుతురుండాలి, చేతిపని ఎక్కడైనా చేసుకోవచ్చన్న మాట ఆయనకి గుర్తొచ్చిందో లేదో గాని, ఆ రీలుని అటూ ఇటూ తిప్పుతూ కాసేపు దాని వంకే చూశాడు.

"మాస్టరుకి తెలుసా?"

"తెలిస్తే ఇంకేముంది, కోట్లు కూడా మిషనుకి పోతాయి. అయినా మధ్యాహ్నం చెప్పేస్తానన్నయ్యా. నిన్ను మోసం చేశానన్న మాట మొయ్యలేకపోతున్నా."

ప్యాంట్లాయన ఉలిక్కిపడ్డాడు. గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"చంపుతావా ఏంటి? మూడు రాజుల్ని పెట్టుకుని గొప్ప అబద్ధానికి ఓడిపోయాడంటే నలుగురూ అయ్యో అంటారు. కళ్ళు కనపడనావిడ చేతిలో ఓడిపోయాడంటే నా పరువేం కాను? నువ్వు అబద్ధమే ఆడావు. మరి మాట్లాడకు."

ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన రెండడుగులు వేసి మళ్ళీ తిరిగాడు. ఇది వేరు, ఆట వేరు, మధ్యాహ్నం మంచి ముక్కలు పడితే మాత్రం వదలను, ముందే చెబుతున్నా అన్నాడు. అలాగే అన్నయ్యా అంది ఆవిడ. ఆయన వెళ్ళి మిషను బిగించుకున్నాడు. ఆవిడ ఆ రెండు కాజాలూ నల్లదారంతో మళ్ళీ కుట్టింది. అంత చక్కటి కాజాలు ఆవిడ కుట్టి చాలా కాలమైంది.

భోజనాలయ్యాయి. చెక్కపెట్టె కిటికీ కిందకి వచ్చింది. మాస్టరు ఆవిడ కోటు గుండీని పెట్టె మధ్యలో పెట్టి, ముక్కలు కలిపి, పంచాడు. ఆవిడ విప్పి చూసుకుంది. ఈసారి కళ్ళు మోసం చేసే ప్రశ్నే లేదు. ఇస్పేటు నాలుగు, డైమను రెండు, కళావరు ఎనిమిది, ఆఠీను మూడు, ఇస్పేటు జాకీ. ఒకదానికొకటి సంబంధం లేదు. జాకీని ఉంచుకుని నాలుగు మార్చింది. వచ్చినవి ఇంకా అన్యాయం. ఆవిడ మొహం వాడిపోయింది. గుండీ చూస్తే ముందే పెట్టె మీద ఉంది, పడేయడానికి లేదు. బాత్రూం తలుపు వైపు ఒకసారి చూసుకుంది.

ముగ్గురూ ఆవిడ మొహాన్నే చూస్తున్నారు. మాస్టరుకి ఆత్రం ఆగలేదు.

"ఏముందమ్మా?"

"ఏమీ లేదు మాస్టారూ" అంది ఆవిడ. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మాస్టరు కళ్ళు మెరిశాయి. చూశారా, చూశారా, ఈసారి నీళ్ళు కూడా తెప్పించుకుంది అన్నాడు పరవశంగా. చొక్కాలతను తన ముక్కలు చూసుకున్నాడు, ఆవిడ్ని చూశాడు. ఇంత బాగా లేదంటున్నదంటే ఎంత ఉందో, నా వల్ల కాదక్కా అని పడేసి చేతులెత్తేశాడు.

మిగిలింది ప్యాంట్లాయన. ఆవిడకి నిజంగా ఏమీ లేదని ఆవిడ కాక ఆ గదిలో తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఆయన తన ముక్కల్ని ఒకసారి విసనకర్రలా విప్పి, మూసి, మళ్ళీ విప్పాడు. కోటు గుండీ వేళ్ళ మధ్య తిప్పాడు. కిటికీలోంచి వీధి వంక చూశాడు. ఎవరో సైకిలు మీద పోతున్నారు, ఎదుటి మేడ మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. అవన్నీ తీరిగ్గా చూశాడు. ఆ తర్వాత మేకుకి వేలాడుతున్న నల్లకోటు మీద, దాని నల్ల కాజాల మీద ఆయన చూపు ఆగింది. ఆవిడ తల దించుకుని గుండీ పెట్టె మీద పడే చప్పుడు కోసం చూస్తోంది.

ఆ చప్పుడు రాలేదు. ప్యాంట్లాయన గుండీని జేబులో వేసుకున్నాడు.

"ఈవిడ మాట నమ్మి ఒకసారి మునిగింది చాలు" అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేలా. "నాకొద్దు బాబూ."

ముక్కలు బోర్లా పడేసి లేచి వెళ్ళి, గోడకి మొహం పెట్టి మిషను ముందు కూర్చున్నాడు. మాస్టరు అప్పుడే ఈ కథ ఎవరికి చెప్పాలా అని వాకిట్లోకి పరుగెత్తాడు. బాత్రూం పక్కకి ఇస్త్రీ బల్ల వెళ్ళింది. ప్యాంట్లాయన ఈసారి సూదిలో దారం ఎక్కించుకునే తొక్కుతున్నాడు, కుట్టు తిన్నగా పడుతోంది.

ముక్కలు ఏరి డబ్బాలో పెట్టడం ఎప్పుడూ కాజాలావిడ పనే. తనవి ఏరింది, చొక్కాలతనివి ఏరింది. ప్యాంట్లాయన బోర్లా పడేసినవి తీసి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని తిప్పి చూసింది. రెండు చిల్లర ముక్కలు. మిగతా మూడింట్లో ఒకటి ఇస్పేటు, ఒకటి ఆఠీను, ఒకటి డైమను. ఈ కిటికీ దగ్గర పొరబడటానికి వీల్లేదు.

మూడూ ఆసులే.